ఆకుపచ్చ షేడ్ నెట్, 50 శాతం: కూరగాయల నారుకు ఎంతవరకు పనికివస్తుంది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ చిన్న పట్టణానికి వెళ్లినా ఎరువుల దుకాణంలోనో, తాళ్లూ టార్పాలిన్లూ అమ్మే దుకాణంలోనో ఆకుపచ్చ షేడ్ నెట్ చుట్టలు గోడకు ఆనించి కనిపిస్తాయి. వాటిలో ఎక్కువగా అమ్ముడుపోయే 50 శాతం రకాన్ని ఆమదాలవలస దగ్గర మా పెరటి నారుమళ్ల మీద వాడుతున్నాను. డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెప్పడం నా వృత్తి. చుట్టుపక్కల రైతులకు మిరప, వంగ, టమాట నారు పెంచి ఇవ్వడం నాకు ఇష్టమైన పని. ఈ వల గురించి దుకాణంలో చెప్పేది కొంతే, చెప్పకుండా మిగిలిపోయేది చాలా ఉంది గనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. నేత, మన్నిక, ధర చూస్తే ఇది మంచి సరుకు. అల్లం, పసుపు, తమలపాకు, కుండీల్లో నీడ మొక్కలు పెంచేవారు నిశ్చింతగా కొనవచ్చు. కూరగాయల నారు పెంచేవారు మాత్రం దాదాపు ఇదే ధరకు దొరికే నల్ల వలను అడిగి తీసుకోవడం మేలు. అందుకు కారణం వల నాణ్యతలో లేదు, మొక్క జన్యువుల్లో ఉంది.

ముందు సరుకు సంగతి. నేను తీసుకున్నది 3 మీటర్ల పన్నా, 50 మీటర్ల పొడవు ఉన్న చుట్ట నుంచి కోయించిన ముక్క. చదరపు మీటరుకు 30 రూపాయల లోపే పడింది. ప్లాస్టిక్ పోగులు రెండు రకాలుగా వస్తాయి: చదునైన పట్టీ పోగులు ఒక రకం, గుండ్రటి తీగ పోగులు ఇంకో రకం. ఈ వలలో పొడవునా గుండ్రటి పోగులు, అడ్డంగా పట్టీ పోగులు కలిపి ముడి నేతతో అల్లారు. అందువల్ల కత్తెరతో ఎక్కడ కోసినా అంచు జారిపోదు. కొన్న రోజునే ఒక మూల పట్టుకొని గట్టిగా లాగి చూశాను. కన్ను సాగింది కాని పోగు తెగలేదు. రెండంచులా పట్టీ మందంగా ఉంది, తాడు దూర్చుకోవడానికి వీలుగా ఉంది. దుకాణదారు వల విప్పి చూపించి, "నారుకైతే ఏబై సాలు మేస్టారూ, డెబ్బయ్యైదు ఏసినారంటే మొక్క సాగిపోద్ది" అని ముందే హెచ్చరించాడు. ఆ మాట నిజమే. ఎక్కువ నీడ అమ్మితే ఎక్కువ డబ్బు వస్తుందని తెలిసి కూడా తక్కువ శాతం తీసుకోమని చెప్పిన అతని నిజాయితీని మెచ్చుకోవాలి. అయితే శాతం ఒక్కటే చూసుకుంటే సరిపోతుందా అన్నదే నా ప్రశ్న. నల్లదీ, తెల్లదీ కూడా అతని దగ్గర ఉన్నాయి; రంగుకూ నారుకూ సంబంధం ఏమైనా ఉందా అని అడిగితే, "ఆకుపచ్చ కంటికి బాగుంటాది, అందరూ అదే పట్టుకెల్తారు" అన్నాడు.

వల మీద రాసే శాతం వెలుతురు ఎంత తగ్గుతుందో మాత్రమే చెబుతుంది. 50 శాతం అంటే పైన పడే వెలుతురులో సుమారు సగం కిందికి దిగుతుందని అర్థం. మన కంటికి అంతకు మించి అక్కరలేదు. మొక్కకు మాత్రం వెలుతురు ఎంత ఉందన్నది ఎంత ముఖ్యమో, అందులో ఏయే రంగులు ఏ పాళ్లలో ఉన్నాయన్నది కూడా అంత ముఖ్యం. ముఖ్యంగా రెండు రంగుల మధ్య నిష్పత్తిని అది నిరంతరం కొలుస్తూ ఉంటుంది. ఒకటి మనకు బాగా కనిపించే ఎరుపు, సుమారు 660 నానోమీటర్ల తరంగం. రెండోది ఎరుపు అంచుకు అవతల మనకు కనిపించీ కనిపించని ఫార్ రెడ్, సుమారు 730 నానోమీటర్లు. ఆరుబయట ఎండలో ఈ రెండూ ఇంచుమించు సమానంగా, ఎరుపు కొద్దిగా ఎక్కువగా ఉంటాయి. అదే ఎండ ఒక ఆకులోంచి దిగితే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఆకులోని పత్రహరితం ఎరుపును తన ఆహారం తయారీకి పీల్చుకుంటుంది. ఫార్ రెడ్‌ను దాదాపుగా వదిలేస్తుంది. కనుక దట్టమైన చెట్ల కింద ఎరుపు పాలు పడిపోయి ఫార్ రెడ్ పాలు పెరుగుతుంది. మబ్బు పట్టినప్పుడు ఇలా జరగదు, గోడ నీడలోనూ ఇంతగా జరగదు. అక్కడ వెలుతురు తగ్గినా ఈ నిష్పత్తి పెద్దగా మారదు. తన మీద పడింది మబ్బు నీడా, మరో మొక్క నీడా అన్నది మొలక ఈ తేడాతోనే తెలుసుకుంటుంది.

ఈ కొలత కొలిచే పదార్థాన్ని ఫైటోక్రోమ్ అంటారు. దాని జాడ మొదట లెట్యూస్ అనే ఆకుకూర విత్తనాల్లో దొరికింది. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన బెల్ట్స్‌విల్ కేంద్రంలో బోర్త్‌విక్, హెండ్రిక్స్, వారి సహచరులు 1952లో ప్రచురించిన ప్రయోగంలో, తడిపిన విత్తనాలకు ఎరుపు కాంతి చూపితే మొలిచాయి, వెంటనే ఫార్ రెడ్ చూపితే మొలవలేదు, మళ్లీ ఎరుపు చూపితే మళ్లీ మొలిచాయి. ఎన్నిసార్లు మార్చి చూపినా చివర చూపిన రంగే ఫలితాన్ని నిర్ణయించింది. అటూ ఇటూ మారగల ఒకే పదార్థం విత్తనంలో ఉండి ఉండాలని వారు ఊహించారు. 1959లో అదే కేంద్రంలో దాన్ని పరికరంతో పట్టుకోగలిగారు. అది ఒక ప్రోటీన్. ఎరుపు తగిలితే చురుకైన రూపంలోకి, ఫార్ రెడ్ తగిలితే నిద్రాణమైన రూపంలోకి మారుతుంది. ఒక్కో క్షణంలో మొక్కలోని ఫైటోక్రోమ్‌లో ఎంత భాగం చురుకుగా ఉందో, అదే పైనున్న వెలుతురు రంగుకు లెక్క. 1970లలో ఇంగ్లండులో హ్యారీ స్మిత్, ఆయన సహచరులు మనం పప్పులో వేసుకునే చక్రవర్తి కూర మొక్కల మీద ఈ లెక్కను కొలిచి చూపారు: చురుకైన ఫైటోక్రోమ్ పాలు తగ్గేకొద్దీ కాండం సాగే వేగం దానికి తగ్గట్టుగా పెరుగుతూ పోయింది.

ఆ తరువాతి కథ అంతా జన్యువులది. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద ఈ పరిశోధన ఎక్కువగా జరిగింది. దానిలో ఫైటోక్రోమ్ జన్యువులు అయిదు; టమాటలోనూ అయిదే, వరిలో మూడు. నీడను పసిగట్టే పని ప్రధానంగా ఫైటోక్రోమ్ బి చేస్తుంది. ఆ ఒక్క జన్యువు పాడైన మొక్క నడి ఎండలో ఉన్నా నీడలో ఉన్నట్టే పీలగా సాగుతుంది. నాకు ఈ విషయం ఎప్పుడు చెప్పినా ఆశ్చర్యమే. విద్యార్థులకు కూడా జన్యువు అంటే ఏమిటో దీనితో బాగా అర్థమవుతుంది.

ఎండలో చురుకుగా ఉన్న ఫైటోక్రోమ్ బి కణద్రవ్యం నుంచి కేంద్రకంలోకి వెళ్లి, అక్కడ పిఫ్ అనే ప్రోటీన్ల గుంపును పట్టుకుంటుంది. వీటిలో మొదటగా గుర్తించిన పిఫ్3ను పీటర్ క్వెయిల్ బృందం 1998లో వెలుగులోకి తెచ్చింది. పిఫ్‌లు డీఎన్ఏకు అతుక్కొని, కాండాన్ని సాగదీసే జన్యువులను పని చేయిస్తాయి. ఫైటోక్రోమ్ వాటిని పట్టుకున్నప్పుడు పిఫ్4, పిఫ్5 వంటివి విచ్ఛిన్నమైపోతాయి. పిఫ్7 మాత్రం ఫాస్ఫేటు తగిలించుకొని పని మానేసి ఉంటుంది. మొక్క మీద ఆకు నీడ పడగానే చురుకైన ఫైటోక్రోమ్ తగ్గిపోతుంది, పిఫ్‌లు విడుదలవుతాయి. పిఫ్7 తన ఫాస్ఫేటు వదిలించుకొని కేంద్రకంలో పోగుపడుతుంది. నిమిషాల వ్యవధిలోనే ఏటీహెచ్‌బీ2, పీఐఎల్1 వంటి జన్యువుల పని అనేక రెట్లు పెరుగుతుంది. దీనితోపాటు ఆక్సిన్ హార్మోన్ తయారీ మొదలవుతుంది. అమెరికాలోని సాల్క్ పరిశోధన సంస్థలో జోవన్ చోరీ బృందం 2008లో నీడకు స్పందించలేని ఒక మొక్కను వెతికి పట్టుకొని, అందులో లోపించినది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఆక్సిన్ తయారీకి మొదటి మెట్టు వేసే టీఏఏ1 అనే జన్యువని చూపింది. రెండో మెట్టు యుకా జన్యువులది. పిఫ్7 వాటిని నేరుగా పని చేయిస్తుందని 2012లో తేలింది. లేత ఆకుల్లో తయారైన ఈ ఆక్సిన్ కింది కాండానికి దిగి, అక్కడి కణాల గోడలు సడలేటట్టు చేస్తుంది. కణం నీరు పీల్చుకొని పొడవుగా సాగుతుంది. అంటే ఆకు నీడను చూసి, కాండం సాగుతుంది. మరోవైపు జిబ్బరెల్లిన్ హార్మోన్ పెరిగి, పెరుగుదలకు పగ్గం వేసే డెల్లా ప్రోటీన్లను తొలగిస్తుంది.

ఇదంతా అదుపు లేకుండా సాగిపోతే మొలక తన నిల్వ అంతా ఖర్చు చేసుకొని పడిపోతుంది. అందుకని ఇదే నీడ సంకేతం హెచ్ఎఫ్ఆర్1 అనే మరో జన్యువును కూడా లేపుతుంది. దాని ప్రోటీన్ పిఫ్‌లకు అతుక్కొని వాటిని డీఎన్ఏ దగ్గరకు పోనివ్వదు. మరీ చిక్కటి నీడలో ఫైటోక్రోమ్ ఎ కూడా రంగంలోకి దిగి సాగుదలను కొంత ఆపుతుంది. తొందరపెట్టే జన్యువులనూ, ఆపే జన్యువులనూ మొక్క ఒకే సంకేతంతో కలిపి నడుపుతుందన్నది ఈ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే విషయం.

ఇప్పుడు మళ్లీ మన వల దగ్గరకు వద్దాం. ఆకుపచ్చ ప్లాస్టిక్ ఆకుపచ్చగా ఎందుకు కనిపిస్తుంది? ఎరుపును, నీలాన్ని పీల్చుకొని ఆకుపచ్చను వదులుతుంది కాబట్టి. ఫార్ రెడ్‌ను అది ఎరుపు అంత గట్టిగా అడ్డుకోదు. అంటే వల పోగుల్లోంచి వడగట్టుకొని దిగే వెలుతురు, ఒక మోస్తరుగా, ఆకు కింది వెలుతురు లక్షణాన్ని తెచ్చుకుంటుంది. నల్ల పోగులు అన్ని రంగులనూ దాదాపు సమానంగా ఆపుతాయి కనుక నల్ల వల కింద నీడ మబ్బు నీడ వంటిది. ఇక్కడ అతిశయోక్తి చేయకూడదు. వల కన్నుల్లోంచి మార్పు లేకుండా దిగే ఎండ చాలా ఉంటుంది, కాబట్టి ఆకుపచ్చ వల కింద నిష్పత్తి చెట్టు కింద పడినంతగా పడిపోదు. ఎంత పడుతుందన్నది తయారీదారు వాడిన రంగును బట్టీ, నేత చిక్కదనాన్ని బట్టీ మారుతుంది. కాని మిరప, టమాట, వంగ మూడూ నీడను తప్పించుకోవాలని చూసే మొక్కలే. చిన్న మార్పు కూడా వాటి లెక్కలోకి వస్తుంది.

అందుకే ఒకే మడి మీద సగం ఆకుపచ్చ వల, సగం అదే శాతం నల్ల వల కట్టి, ఒకే పొట్లంలోని మిరప విత్తనాలను ఒకే కొబ్బరి పొట్టు నింపిన ట్రేల్లో పోసి చూశాను. మొలక రావడంలో తేడా కనిపించలేదు. బీజదళాలు విచ్చుకున్నాక తేడా మొదలైంది. ఆకుపచ్చ వల కింది మొలకల్లో నేలకూ బీజదళాలకూ మధ్య ఉండే లేత కాండం ఎక్కువ పొడవుగా, పలచగా, లోపలి నీరు కనిపించేంత లేతగా ఉంది. వేలితో తాకితే పక్కకు వంగి నెమ్మదిగా లేచింది. అసలు ఆకులు వచ్చాక వాటి తొడిమలు కూడా పొడవుగా సాగి, ఆకులు అడ్డంగా పరుచుకోకుండా పైకి నిలబడ్డాయి. కణుపుల మధ్య దూరం ఎక్కువ. నల్ల వల కింది మొక్కలు పొట్టిగా, కాండం దగ్గర కొద్దిగా ఊదా రంగు తిరిగి, ఆకులు చదునుగా పరుచుకొని ఉన్నాయి. తేడా పెద్దదని చెప్పను; పక్కపక్కన పెడితే తప్ప చాలామంది గమనించరు. నారు తీసుకోవడానికి వచ్చిన ఒక రైతు మాత్రం రెండు ట్రేలూ చూసి ఏమీ అడగకుండా నల్ల వల కింది ట్రే పట్టుకున్నాడు. పీల నారు పొలంలో నాటితే గాలికి వాలిపోతుందనీ, మడిలోనే నారుకుళ్లు తెగులు పట్టే అవకాశం ఎక్కువనీ అతనికి అనుభవం.

వలకు ఈ దోషం అంటగట్టేటప్పుడు ఇంకో విషయం చెప్పకపోతే అన్యాయం అవుతుంది. నారు సాగడానికి వల రంగు కన్నా మనం ఒత్తుగా పోసే విత్తనం పెద్ద కారణం. బ్యూనస్ ఎయిర్స్‌లో కార్లోస్ బలారే బృందం 1990లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పక్క మొక్కల నీడ ఇంకా తన మీద పడకముందే, వాటి ఆకుల మీది నుంచి అడ్డంగా తిరిగివచ్చే ఫార్ రెడ్‌ను కాండం పసిగట్టి సాగడం మొదలుపెడుతుంది. పొరుగు మొక్క ముందుముందు తన ఎండను కాజేస్తుందని లెక్క కట్టి, అది ఎదగకముందే పోటీకి దిగుతుందన్న మాట. ట్రేలో ఒక్కో గుంటలో రెండు మూడు విత్తనాలు వేసి, మొలిచాక అదనపు మొక్కలు పీకకుండా వదిలేస్తే, ఏ రంగు వల కట్టినా, అసలు వలే కట్టకపోయినా, నారు సాగుతుంది. ఆకులు ఒకదానికొకటి తగలకముందే పలచన చేయడం, ట్రేల మధ్య జాగా వదలడం వలకన్నా ముందు చేయాల్సిన పనులు. ఆకుపచ్చ వల కింద గుంటకొక్క మొక్క ఉంచిన ట్రే, నల్ల వల కింద ఒత్తుగా వదిలేసిన ట్రే కన్నా గట్టిగా వచ్చింది. కనుక ఇప్పటికే ఆకుపచ్చ వల కట్టుకున్నవారు దాన్ని పీకేయనక్కరలేదు. విత్తనం పలచగా వేసుకుంటే చాలావరకు నెగ్గుకు రావచ్చు.

మన తీరంలో వేడి సంగతి కూడా ఇందులో కలుస్తుంది. ఎరుపూ ఫార్ రెడ్‌ల పని ఒక్కటే కాకుండా, ఫైటోక్రోమ్ బి వేడికి కూడా దానంతట అదే నిద్రాణ రూపంలోకి జారిపోతుందని 2016లో కేంబ్రిడ్జ్‌లో ఫిలిప్ విగ్గీ బృందం, బ్యూనస్ ఎయిర్స్‌లో హోర్హే కసాల్ బృందం విడివిడిగా చూపాయి. అంటే నీడను కొలిచే ప్రోటీనే ఉష్ణమానిని పని కూడా చేస్తుంది. రాత్రి వెచ్చగా ఉంటే చురుకైన ఫైటోక్రోమ్ త్వరగా తరిగిపోయి, పిఫ్4 వంటివి విడుదలై, మొక్క నీడలో సాగినట్టే వేడిలోనూ సాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర రాత్రిళ్లు కూడా ఉక్కపోతగానే ఉంటాయి. పందిరి నాలుగు పక్కలా వల దించి కట్టేస్తే గాలి ఆడక లోపలి వేడి బయటికి పోదు. అటువంటప్పుడు నీడా, వేడీ రెండూ ఒకే దారిన పనిచేసి నారును మరింత సాగదీస్తాయి. నేను పక్కల వల కట్టడం పూర్తిగా మానేశాను. పైన మాత్రం ఏడడుగుల ఎత్తున సరుగుడు కర్రల మీద కట్టి, తూర్పు పడమరలు తెరిచి వదిలాను. వేసవిలో ఈ మార్పు చేసిన తరువాత ఆకుపచ్చ వల కింద కూడా నారు కొంత కుదురుగా వచ్చింది. సాయంత్రం ఎండ తగ్గగానే వల పక్కకు లాగేయడం కూడా మంచిది. మొక్క లోపలి గడియారం నీడకు స్పందనను రోజంతా ఒకేలా ఉంచదు. సాయంసంధ్యకు దగ్గరగా ఉన్నప్పుడు ఆ స్పందన బలంగా ఉంటుందని ఇంగ్లండులో గ్యారీ విట్లామ్ బృందం 2003లో ప్రచురించింది. ఆ వేళకు నారు నెత్తిన ఆకుపచ్చ వడపోత లేకుండా చూసుకోవడం ఖర్చు లేని పని.

సాగిన నారుకు ఇంకో నష్టం పైకి కనపడదు. నీడ సంకేతం అందుకున్న మొక్క, పురుగులూ తెగుళ్లూ వచ్చినప్పుడు రక్షణ జన్యువులను లేపే జాస్మోనేట్ హార్మోన్ దారిని తగ్గించుకుంటుంది. ఉన్న బలాన్ని ఎత్తు పెరగడం మీద పెట్టి, కాపలా మీద తక్కువ పెడుతుంది. మిరపకు తామర పురుగు, పేనుబంక ఎంత కష్టం తెస్తాయో మన రైతులకు వేరే చెప్పనక్కరలేదు. మందు ఖర్చు లెక్కలో వల రంగును ఎవరూ వేయరు, వేయాల్సిన అవసరం ఉందని నా నమ్మకం.

నీడకు సాగే ఈ గుణం ప్రతిచోటా శత్రువు కాదని మన జిల్లాల్లోనే కనిపిస్తుంది. నార కోసం గోగు వేసే రైతులు విత్తనాన్ని కావాలనే ఒత్తుగా చల్లుతారు. మొక్కలు ఒకదాని నీడ ఒకటి చూసుకొని కొమ్మ వేయకుండా నిటారుగా పెరుగుతాయి, నార పొడవుగా, ముడి లేకుండా వస్తుంది. పెరట్లో గోంగూర కోసం దూరదూరంగా వేసిన, గోగుకు దగ్గరి చుట్టమైన మొక్క మాత్రం గుబురుగా కొమ్మలు వేస్తుంది. కొమ్మ వేయకుండా ఆపే జన్యువును అరబిడాప్సిస్‌లో బీఆర్‌సీ1 అంటారు. ఎరుపు పాలు తగ్గితే కక్ష మొగ్గల్లో దాని పని పెరిగి, మొగ్గ అలాగే ముడుచుకొని ఉండిపోతుంది. జొన్నలో దానికి సమానమైన టీబీ1 జన్యువును ఫైటోక్రోమ్ బి అదుపులో పెడుతుందని తెలిసింది. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రం గోగు పంట మీద పనిచేస్తోంది. విజయనగరం, నెల్లిమర్ల జూట్ మిల్లుల వల్ల ఈ నార పంటలు మనకు కొత్త కాదు. మొక్కకు నీడ ఇచ్చే సంకేతాన్ని ఈ నేల రైతు తనకు అనుకూలంగా మలుచుకున్నాడన్నది నాకు గర్వంగా ఉంటుంది.

అదే విధంగా, నీడలో పుట్టి నీడలోనే బతకడం నేర్చిన మొక్కలు ఆకుపచ్చ వలకు బెదరవు. అరబిడాప్సిస్‌కు దగ్గరి బంధువైన కార్డమైన్ హిర్సూటా అనే మొక్క నీడలో ఉంచినా సాగదు. దానిలో హెచ్ఎఫ్ఆర్1 బ్రేకు ఎక్కువ బలంగా పనిచేయడం ఒక కారణమని పరిశోధకులు చూపారు. ఉద్దానంలో కొబ్బరి నీడన పంటలు పెంచడం తరతరాల అలవాటు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫానుకు అక్కడి కొబ్బరి, జీడి తోటలు కూలిపోయినప్పుడు, వాటి కింద బతికే చిన్న మొక్కలకు నీడ కూడా ఒక్క రాత్రిలో పోయింది. కొత్తగా నాటిన కొబ్బరి ఎదిగి నీడనిచ్చేదాకా అల్లం, పసుపు, తమలపాకు వంటివాటికి తాత్కాలికంగా నీడ కావాలి. అక్కడ ఈ ఆకుపచ్చ 50 శాతం వలకు నేను పూర్తి మార్కులు వేస్తాను. మా పెరట్లో అల్లం మడి మీద ఇదే వల ఉంది. ఆకులు ఎండకు అంచులు మాడకుండా, ముదురు పచ్చగా ఉన్నాయి.

మన్నిక విషయంలో ఫిర్యాదు లేదు. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కకుండా రసాయనం కలిపామని దుకాణంలో చెప్పారు. నేను వాడినంతకాలం రంగు కొద్దిగా వెలిసింది గాని పోగు పిండి కాలేదు. అంచుల్లో తాడు దూర్చకుండా, మధ్యలో మేకు కొట్టి బిగించిన చోట్ల మాత్రం గాలికి కన్ను పెద్దదై చిరిగింది. ఇది వాడేవారు జాగ్రత్త పడవలసిన విషయం. సముద్రం గాలి ఎక్కువగా ఉండే చోట గట్టిగా బిగించి కట్టడం కన్నా, కొంచెం వదులుగా కట్టి, తుఫాను హెచ్చరిక రాగానే ఒక్కరే విప్పగలిగేటట్టు జారుముడి వేసుకోవాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఇది తప్పనిసరి. వల ఉంచేస్తే పందిరి కర్రలు కూడా గాలికి లేచిపోతాయి.

కొనడానికి వెళ్లేవారు దుకాణంలో రెండు విషయాలు అడగండి. ఒకటి, నల్ల వల 50 శాతంలో ఉందా. ఉంటే దాన్ని ఒక కొస పట్టుకొని ఎండలోకి తీసి, కింద తెల్ల కాగితం పెట్టి చూడండి. నల్ల వల కింద కాగితం మామూలు బూడిద నీడతో కనిపిస్తుంది, ఆకుపచ్చ వల కింద పచ్చటి జీర కనిపిస్తుంది. ఫార్ రెడ్ మన కంటికి దొరకదు గనుక ఇది పూర్తి పరీక్ష కాదు, కాని రంగు ఎంత దిగుతోందో కొంత తెలుస్తుంది. రెండోది, చదునైన పట్టీ పోగులతో మాత్రమే నేసిన చవక వలను నారుకు తీసుకోవద్దు. అది గాలికి పట్టీ తిరిగి నీడ ఒక చోట చిక్కగా, ఒక చోట పలచగా పడుతుంది, ట్రేలో నారు ఎగుడుదిగుడుగా వస్తుంది. తయారీదారులకు నేను కోరేది ఒక్కటే: చుట్ట మీద నీడ శాతంతో పాటు, ఎరుపుకూ ఫార్ రెడ్‌కూ మధ్య ఆ వల ఎంత మార్పు తెస్తుందో కూడా ముద్రించండి. అది కొలవడానికి పరికరాలు ఉన్నాయి. అప్పటివరకు మా మిరప, టమాట మళ్ల మీద నల్ల వలే ఉంటుంది, ఆకుపచ్చ ముక్క అల్లం మీదే ఉంటుంది.